తుపాను నష్టం కాగితంలో కూలివాడికి గడి లేదు

దివిసీమలో ఒక ఊళ్ళో సంఘం పని మీద తిరుగుతుంటే ఒక పెద్దమ్మ తన కుడిచెయ్యి చాపి చూపించింది. మోచేతి నుంచి మణికట్టు దాకా గీతలు గీతలుగా పాత మచ్చలు. 1977 నవంబరు 19, శనివారం రాత్రి తుమ్మచెట్టును కావలించుకుని తెల్లవార్లూ ఉండిపోతే ముళ్ళు చేసిన గాయాలవి. అప్పుడామెకు పదిహేనేళ్ళు. తల్లీ, ఇద్దరు తమ్ముళ్ళూ ఆ రాత్రే పోయారు.

"గాలికి పోలేదు నాయనా, నీళ్ళకి పోయారు. గాలి పొద్దుటి నుంచీ కొడతానే ఉంది. గుడిసె ఎగిరిపోకుండా వాసాలు పట్టుకుని కూచున్నాం. సముద్రం గుమ్మంలోకొస్తదని మాకెవరు చెప్పారు?" అంది.

ఆ మాట మీదే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఇప్పుడు చెప్పేవాళ్ళున్నారు. అయినా తుపాను వచ్చిన ప్రతిసారీ కూలివాడు మునుగుతూనే ఉన్నాడు. ఎందుకని?

ఉప్పెన ఎవరిని తీసుకుపోయింది?

1977లో దివిసీమ మీద పడిన ఉప్పెన దాదాపు 5 మీటర్ల ఎత్తున వచ్చింది. అంటే మూడు నిలువుల నీరు. కృష్ణా ముఖద్వారం దగ్గర సముద్రం లోతు తక్కువ. గాలి తోసుకొచ్చిన నీటికి కిందకి పోయే దారి లేక పైకి లేచి ఊళ్ళ మీద పడింది. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. చనిపోయినవారు పదివేల మంది అన్నారు. అంతకంటే చాలా ఎక్కువేనని ఆ ప్రాంతపు జనం నేటికీ అంటారు.

సముద్రానికి పేదా గొప్పా తేడా తెలియదంటారు. నిజమే. కానీ ఎవరి ఇల్లు ఎక్కడ ఉందో, దేనితో కట్టిందో నిర్ణయించింది సముద్రం కాదు. మెరక మీద మేడ ఎవరిది? పల్లంలో, కాలవ గట్టున, చేలగట్టున తాటాకు గుడిసె ఎవరిది? మేడెక్కినవాడు బతికాడు. గుడిసెలో ఉన్నవాడు చెట్టు దొరికితే బతికాడు, లేకపోతే లేదు. పోయినవారిలో ఎక్కువమంది కూలీలు, మత్స్యకారులు, దళితవాడల జనం కావడం తలరాత వల్ల కాదు.

ప్రాణాలు దక్కుతున్నాయి

అప్పటికీ ఇప్పటికీ మార్పు వచ్చింది. దాన్ని కాదనకూడదు. 1990 మే 9న దాదాపు అంత బలమైన తుపానే కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. ముందే పెద్దఎత్తున జనాన్ని ఖాళీ చేయించారు గనక మరణాలు వెయ్యి లోపే ఆగాయి. 1996 నవంబరు 6న కోనసీమ మీద పడ్డ తుపానులో మాత్రం మళ్ళీ వెయ్యిమందికి పైగా పోయారు. వేటకెళ్ళి తిరిగిరాని మత్స్యకారులు అందులో ఎందరో. భైరవపాలెం, బలుసుతిప్పల్లో ఏడుపు వినపడని ఇల్లు లేదు. తర్వాత రేడియో, టీవీ, ఫోను, తుపాను షెల్టర్లు పెరిగాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన రాష్ట్రంలో పోయిన ప్రాణాలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని.

అయినా మనవాళ్ళు రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి: మన తీరంలో తుపాను దాటేచోటుకు ఉత్తరంగా, ఈశాన్యంగా ఉన్న ఊళ్ళకే ఉప్పెన భయం ఎక్కువ. ఆ వైపు గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది. రెండు: హోరుగాలి ఉన్నట్టుండి ఆగిపోతే గండం గడిచిందనుకుని బయటికి రావద్దు. తుపాను కన్ను మీ ఊరి మీదుగా పోతోందన్నమాట. కాసేపట్లో గాలి ఎదురు దిక్కు నుంచి మళ్ళీ విరుచుకుపడుతుంది. ఇలా మోసపోయి గోడల కింద పడ్డవాళ్ళున్నారు.

పని మాత్రం పోతోంది

మిచౌంగ్ వచ్చేనాటికి డెల్టాలో వరి కోతల రోజులు. ఏడాదిలో మన ఆడవాళ్ళకు నాలుగు డబ్బులు కనపడేది అప్పుడే. కోసిన పనలు నీళ్ళలో తేలాయి. నిలిచిన చేను నేలకొరిగి కంకులకు మొలకలొచ్చాయి. షెల్టరు నుంచి ఇంటికొచ్చిన జనం ఎన్నో రోజులు పని లేకుండా కూచున్నారు. 2025 అక్టోబరు 28 రాత్రి నర్సాపురం దగ్గర మొంథా తుపాను తీరం దాటితే మళ్ళీ వరి చేలే పడుకున్నాయి.

మిచౌంగ్ తర్వాత మా మండలంలో నష్టం రాయడానికి ఒక ఉద్యోగి వచ్చాడు. మా వాడ ఆడవాళ్ళు ఆయన్ని చుట్టుముట్టారు.

"మా నష్టం కూడా రాయండి బాబూ."

"పాసుపుస్తకం ఉందామ్మా?"

"మాకెక్కడిదండీ? కూలోళ్ళం."

"అయితే రాయడానికి ఈ కాగితంలో గడి లేదమ్మా."

ఆయన అబద్ధం చెప్పలేదు. నేను ఆ కాగితం అడిగి తీసుకుని చూశాను. సర్వే నంబరు, విస్తీర్ణం, పంట, నష్టం శాతం. అంతే. చేను మునిగితే నష్టం, ఆ చేలో చేసే పని మునిగితే నష్టం కాదు! పంట మూడోవంతు, అంటే 33 శాతం పోతే పెట్టుబడి రాయితీ ఇవ్వాలని 2015లో నిబంధన సడలించారు. అంతకు ముందు సగం పోవాల్సి వచ్చేది. మంచిదే. కానీ కూలివాడి సంపాదన నూటికి నూరుపాళ్ళు పోయినా అది ఏ శాతం కిందికీ రాదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరినీ జీడినీ కూల్చినప్పుడూ ఇదే తంతు. చెట్ల లెక్కన పరిహారం రాశారు. ఆ చెట్టెక్కి కాయ దింపేవాడికి, పీచు తీసేవాడికి, జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళకి? కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. అన్నేళ్ళూ వాళ్ళేం తినాలి?

తగువు మనలో మనకు కాదు

ఇంకో సంగతి దాచకుండా చెప్పుకోవాలి. పడిపోయిన చేలో కోత మిషను దిగదు. అప్పటిదాకా మిషన్ల మోజులో మనల్ని మరిచినవాళ్ళే కొడవళ్ళు పట్టుకు రమ్మని కబురంపారు. బురదలో పడుకున్న వరి కోయాలంటే ఒక రోజు పని రెండు రోజులు పడుతుంది. మనం ఎక్కువ కూలి అడిగాం. "మేమే మునిగాం, మీరూ మమ్మల్నే పీక్కు తినాలా?" అన్నాడొక కౌలురైతు. రెండు పక్కలా మాటలు పెరిగాయి.

రాత్రి రెండు పక్షాలనీ రామాలయం అరుగు మీద కూచోబెట్టాం. లెక్క తీస్తే తేలిందేమిటి? అతను ఎకరాకిన్ని బస్తాలని కౌలు ఒప్పుకున్నాడు. పంట పోయినా బస్తాలు కొలవాలి. పరిహారం మాత్రం పట్నంలో కూచున్న భూమి యజమాని ఖాతాలో పడుతుంది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు కావాలంటే యజమాని సంతకం పెట్టాలి. ఆయన పెట్టడు. పెడితే భూమి పోతుందని భయం. అంటే మునిగిన చేలో నిలబడి కొట్లాడుకుంటున్నది ఇద్దరు మునిగినవాళ్ళు. మునగనివాడు అక్కడ లేనే లేడు. ఆ రాత్రి కూలి కొంత తగ్గించుకున్నాం, కౌలు తగ్గించమని యజమాని దగ్గరికి అందరం కలిసి వెళ్ళాం. సగం బస్తాలు వదిలాడు.

ఏమి అడగాలి? ఏమి చెయ్యాలి?

1. హెచ్చరిక ఇచ్చి పనులు ఆపినరోజు నుంచి చేలల్లో పని మొదలయ్యేదాకా ప్రతి వ్యవసాయ కార్మిక కుటుంబానికీ కూలి పరిహారం ఇవ్వాలి. జీవనోపాధి దెబ్బతిన్న కుటుంబాలకు సాయం చెయ్యాలని విపత్తు సహాయ నిబంధనల్లోనే ఉంది. అది కాగితం దిగి రావాలి.

2. పంట నష్టం సాగు చేసినవాడికే ఇవ్వాలి. యజమాని సంతకం షరతు తీసెయ్యాలి. పంట పోయినమేరకు కౌలు రద్దు కావాలి.

3. పల్లంలో ఉన్న గుడిసెలకు మెరక మీద స్థలం, పక్కా ఇల్లు ఇవ్వాలి. షెల్టర్లకు తాళాలు కాదు, నీళ్ళు, దీపం, ఆడవాళ్ళకు మరుగుదొడ్లు ఉండాలి. పశువులకు మెరక చూపాలి. పాడిగేదెను వదిలి రాలేకనే చాలామంది ఇల్లు కదలరు.

4. సముద్రపు కరకట్ట గండ్లు పూడ్చాలి. మురుగుకాలవల పూడిక తియ్యాలి. ఉప్పెనకు అడ్డుపడే మడ అడవుల్ని నరికి రొయ్యల చెరువులు తవ్వడం ఆపాలి.

అడగడంతో సరిపోదు. గడి లేదన్నారు గనక మేమే గడి గీశాం. బడిపిల్లల నోటుపుస్తకంలో వాడవాడకూ పేర్లు, పోయిన పనిరోజులు, ఎవరి చేలో పని పోయిందో రాసి, వేలిముద్రలు వేయించి, ఆఫీసులో ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకున్నాం. బియ్యం, కొద్దిపాటి సరుకులు వచ్చాయి. కూలి పరిహారం రాలేదు. కానీ ఆ పుస్తకం నకలు మా దగ్గర ఉంది. "మీ నష్టానికి రుజువేది?" అని ఇక ఎవరూ అనలేరు.

చేతి మీద మచ్చలున్న ఆ పెద్దమ్మ పేరు ఆ పుస్తకంలో మొదటి పేజీలో ఉంది. పోయిన పని: పదకొండు రోజులు. వచ్చే తుపానుకి పేరేం పెడతారో మనకు తెలియదు గానీ, అది రావడం మాత్రం ఖాయం. అది వచ్చేలోగా ప్రతి ఊళ్ళో ఒక పుస్తకం కుట్టించండి. గడులు గీయండి.