చాట్‌బాట్‌లో ఎవరికి ఏ పని?

సంఘంలో వెన్నశాతం రాసేది పాల పరీక్షకుడు, బిల్లు కట్టేది కార్యదర్శి. ఒకరి పుస్తకంలో మరొకరు చెయ్యి పెట్టరు. ఫోనులో ప్రశ్నలకు జవాబిచ్చే చాట్‌బాట్‌కూ ఇదే కట్టుబాటు ఉండాలంటాము.

రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న వాట్సాప్‌లో ‘మన మిత్ర’ను 161 సేవలతో ప్రారంభించింది. సంఘమూ అలాంటిది పెట్టుకుంటే, సేవలను మనిషి మనిషికీ కాక వర్గాలవారీగా కేటాయించాలి (ఎన్నికల వర్గాలు కావు సుమా!). దాణా, టీకాల సమాచారం అందరికీ. బొబ్బిలి సభ్యురాలు అడిగితే ఆమె పాల లెక్కే రావాలి, పొరుగింటిది కాదు. వెన్నశాతం దిద్దే వీలు చాట్‌బాట్‌కు అసలే ఇవ్వరాదు. పైకం తగ్గితే సభ్యులు యంత్రాన్ని నిలదీయగలరా?

పదవి దిగిన కార్యదర్శి నంబరును ఆ రోజే వర్గంలోంచి తీసివేయాలి. బీరువా తాళాలు అప్పగించుకునేటప్పుడే ఈ పనీ చూసుకోగలరు.