వెబ్‌సైటుకు చోటు ఎక్కడ? తాళం ఎవరి దగ్గర?

రంజాన్‌కు వారం ముందు ఒక దాత ఫోన్ చేశారు. "మాస్టారూ, మన సొసైటీ వెబ్‌సైటు తెరిస్తే ఏవో ప్రకటనలు వస్తున్నాయి. మూసేశారా?" అని అడిగారు. మేము మూయలేదు. సైటు పేరుకు గడువు తీరిపోయింది, మేము చూసుకోలేదు.

కొన్నేళ్ల క్రితం మన ఊరి యువకుడొకరు అభిమానంతో ఆ సైటు తయారుచేసి ఇచ్చారు. పేరును తన సొంత ఈమెయిల్‌తో నమోదు చేశారు. ఆ తర్వాత ఉద్యోగం కోసం గల్ఫ్ వెళ్లిపోయారు. గడువును గుర్తుచేసే ఉత్తరాలన్నీ ఎవరూ తెరవని ఆ పెట్టెలోకే చేరాయి. తప్పు ఆయనది కాదు. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో అడిగి తెలుసుకోని మాది. ఆయనను వెతికి పట్టుకుని, మామూలు రుసుముకు ఎన్నో రెట్లు కట్టి ఆ పేరును తిరిగి తెచ్చుకున్నాం. ఆ తర్వాత సైటుకు కొత్త చోటు వెతికేటప్పుడు నేర్చుకున్న సంగతులను దాతల ముందు ఉంచుతున్నాం. ఇందులో ఖర్చయ్యేది మీ సొమ్మే కదా.

సైటుకు రెండు వస్తువులు కావాలి. ఒకటి పేరు, అంటే డొమైన్. ఇది ఇంటి నంబరు లాంటిది. రెండోది హోస్టింగ్. అంటే మన పేజీలు, ఫోటోలు దాచి ఉంచే కంప్యూటర్‌లో అద్దె చోటు. ఇది గది లాంటిది. ఇంటి నంబరు మన పేరున ఉంటే గది ఎప్పుడైనా మార్చుకోవచ్చు. నంబరే ఇంకొకరి పేరున ఉంటే గదికి అద్దె కట్టినా ఇంటికి దారి ఉండదు. అందుకే ముందుగా పేరును సొసైటీ పేరున, సొసైటీ ఈమెయిల్‌తో నమోదు చేయించాలి. స్వచ్ఛంద సంస్థలు ఎక్కువగా డాట్ ఆర్గ్ వాడతాయి. డాట్ ఇన్ పేర్ల వ్యవహారం మన దేశంలో నిక్సీ అనే సంస్థ చూస్తుంది. రెండింటిలో ఏదైనా మంచిదే.

ఇక గది సంగతి. షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే కంప్యూటర్‌ను చాలా సైట్లు పంచుకుంటాయి. అద్దె తక్కువ, నిర్వహణ వాళ్లే చూసుకుంటారు. వీపీఎస్ అంటే అదే కంప్యూటర్‌లో మనకంటూ విడిగా కేటాయించిన భాగం. వేగం బాగుంటుంది గాని, చాలా పథకాల్లో దాన్ని చూసుకోవడానికి పని తెలిసిన మనిషి కావాలి. నాలుగైదు పేజీలు, వార్షిక నివేదిక, స్కాలర్‌షిప్ దరఖాస్తు ఫారం ఉండే మనలాంటి సైటుకు షేర్డ్ హోస్టింగే సరిపోతుంది. అక్కర లేని గదికి అద్దె కడితే ఆ మేరకు ఒక పిల్లవాడి పుస్తకాల డబ్బు పోయినట్టే.

ధర చూసేటప్పుడు మొదటి ఏడాది అంకె చూసి మురిసిపోవద్దు. చాలా కంపెనీలు మొదటిసారి తక్కువ చెప్పి, రెన్యూవల్‌కు బాగా పెంచుతాయి. దానిపై 18 శాతం జీఎస్టీ అదనం. కాబట్టి మూడేళ్లకు మొత్తం ఎంతవుతుందో కాగితం మీద లెక్క వేసుకుని పోల్చాలి. "అన్‌లిమిటెడ్" అని రాసి ఉన్నా, ఎన్ని ఫైళ్లు పెట్టవచ్చో లోపలి షరతుల్లో పరిమితి ఉంటుంది. దాన్నీ చదవాలి.

"99.9 శాతం సమయం సైటు నడుస్తుంది" అని కంపెనీలు చెబుతాయి. అంటే ఏడాదికి సుమారు 8 గంటల 45 నిమిషాలు ఆగవచ్చు. అదే 99 శాతమైతే మూడున్నర రోజులకు పైమాటే. అంకెల్లో తేడా ఒకటికన్నా తక్కువే, కానీ ఆ మూడు రోజులు రంజాన్ చివరి పది రోజుల్లో వస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. సర్వర్ ముంబయి, హైదరాబాద్ వంటి చోట్ల ఉంటే ఇక్కడి వారికి పేజీ త్వరగా తెరుచుకుంటుంది.

చిరునామా పక్కన తాళం గుర్తు రావడానికి ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ కావాలి. దీనికి విడిగా డబ్బు అడిగితే ఒప్పుకోనక్కర లేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సేవ 2015 నుంచి వీటిని ఉచితంగా ఇస్తోంది. చాలా హోస్టింగ్ కంపెనీలు దాన్నే అమర్చి ఇస్తాయి.

అన్నిటికన్నా బరువైనది పిల్లల వివరాల సంగతి. స్కాలర్‌షిప్ దరఖాస్తులో పేరు, మార్కులు, తల్లిదండ్రుల ఆదాయం ఉంటాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటోంది. చట్టం సంగతి అలా ఉంచినా, సాయం అడిగిన కుటుంబం పరువు మన దగ్గర ఉన్న అమానతు. అందుకే ఆధార్ నకళ్లు సైటులో తీసుకోవడం మానేశాం. ఆఫీసులో చూసి తిరిగి ఇచ్చేస్తున్నాం. చందాల చెల్లింపు కూడా పేమెంట్ గేట్‌వే వారి పేజీలోనే జరుగుతుంది. దాతల కార్డు నంబర్లు మా సైటులో ఉండవు.

బ్యాకప్ తామే తీస్తామని కంపెనీ చెప్పినా మన నకలు మన దగ్గర ఉండాలి. ప్రతి నెలా మొదటి ఆదివారం మొత్తం సైటును పెన్‌డ్రైవ్‌లోకి దించి బీరువాలో పెడుతున్నాం. ఒకసారి దాని నుంచి సైటును తిరిగి నిలబెట్టి కూడా చూశాం. పరీక్షించని బ్యాకప్ దిద్దని జవాబు పత్రం లాంటిది. అందులో ఎన్ని మార్కులున్నాయో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు పాస్‌వర్డులు కార్యదర్శి, కోశాధికారి ఇద్దరి దగ్గరా ఉన్నాయి. గడువు తేదీ ఆఫీసు గోడ క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో రాసి ఉంది. హోస్టింగ్ ఖర్చు వార్షిక లెక్కల్లో విడి పద్దుగా చూపుతున్నాం. మీరు చందా ఇచ్చే ఏ సంస్థనైనా ఒక్క మాట అడగండి: "మీ వెబ్‌సైటు ఎవరి పేరున ఉంది?" జవాబు వెంటనే రాకపోతే, రసీదు పుస్తకం ఎవరి దగ్గర ఉందో కూడా అడగవలసి ఉంటుంది.