టోపీని చూసి సిపాయిని గుర్తుపట్టొచ్చా?

హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన సెప్టెంబరు 17 దగ్గరపడిందంటే చాలు, నిజామాబాద్, బోధన్ వాట్సాప్ గ్రూపుల్లో పాత ఫొటోలు తిరగడం మొదలవుతుంది. ఇనుప టోపీ పెట్టుకుని తుపాకీ పట్టిన మనిషి కనిపిస్తే ఒకరు రజాకారంటారు, ఇంకొకరు యూనియన్ (భారత) మిలిటరీ అంటారు. ఇద్దరూ చూసేది టోపీనే. అసలు చిక్కు అక్కడే ఉంది.

అపోహ: పళ్లెంలాంటి ఇనుప టోపీ ఉందంటే భారత సైన్యమే.

వాస్తవం: ఆ టోపీ 1915లో జాన్ బ్రోడీ బ్రిటిష్ సైన్యం కోసం రూపొందించింది. చిన్న చిన్న మార్పులతో రెండో ప్రపంచయుద్ధంలోనూ అదే నడిచింది. అమెరికా సైనికుల నెత్తిన కూడా 1942 దాకా దాదాపు అదే ఆకారం కనిపిస్తుంది. ఇక 1948 సెప్టెంబరులో పోలీసు చర్యప్పుడు ఎదురెదురుగా నిలిచిన మేజర్ జనరల్ చౌధురి భారత బలగాలూ, మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్ నడిపిన నిజాం సైన్యమూ బ్రిటిష్ పద్ధతిలో తయారైనవే. త్రీ నాట్ త్రీ రైఫిలూ అదే. సెప్టెంబరు 18న సికింద్రాబాద్‌లో ఎద్రూస్ చౌధురికి లొంగిపోతున్న ఫొటో చాలామంది చూసే ఉంటారు. కింద పేర్లు లేకపోతే లొంగిందెవరో కొత్తవాళ్లు చెప్పలేరు.

రజాకార్ల సంగతి వేరు. నిజాం పక్షాన ఖాసిం రజ్వీ నడిపినది స్వచ్ఛంద దళం, సైన్యం కాదు. వాళ్లలో చాలామంది చేతుల్లో ఉన్నవి బల్లేలు, కత్తులు, పాత నాటు తుపాకులు. పూర్తి మిలిటరీ సరంజామాతో వరుసలో నిలబడ్డవాణ్ని చూసి రజాకారు అనేయడం తొందరపాటే.

మరి సరంజామా దేనికీ పనికిరాదా? పనికొస్తుంది, తేదీ తేల్చడానికి. ఛాతీ మీది తూటాల సంచులు చూడండి. చిన్నచిన్న సంచులు పక్కకి ఐదేసి చొప్పున ఉంటే అది 1908 నాటి నమూనా. రెండే పెద్ద సంచులు ఉంటే 1937 నమూనా. బ్రెన్ గన్ మ్యాగజైన్లు పట్టాలని వాటిని అంత పెద్దవి చేశారు. కాబట్టి పెద్ద సంచులున్న ఫొటోను మొదటి ప్రపంచయుద్ధానిదని ఎవరన్నా నమ్మకండి. అయితే చిన్న సంచులు కనిపించినంత మాత్రాన 1914 అనుకోవడమూ తప్పే, ఎందుకంటే పాత సరుకు ఏళ్ల తరబడి వాడుకలో ఉండేది. వస్తువు చెప్పేది "ఇంతకు ముందుది కాదు" అని మాత్రమే.

అపోహ: బ్యాడ్జీలో కిరీటం ఉంటే 1947కి ముందు ఫొటో.

వాస్తవం: కిరీటం తీసేసి అశోక సింహాలు పెట్టింది 1950 జనవరి 26న. పోలీసు చర్యకు వచ్చిన అధికారుల భుజాల మీద కూడా కిరీటం ఉండొచ్చు.

అపోహ: ఫొటో కింద "హైదరాబాద్ రెజిమెంట్" అని ఉంటే మనవాళ్లే.

వాస్తవం: ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. 19వ హైదరాబాద్ రెజిమెంట్ బ్రిటిష్ ఇండియా సైన్యానిది. నిజాం ఖర్చుతో సాగిన పాత హైదరాబాద్ కంటింజెంట్ దళం నుంచి దానికి ఆ పేరు వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం నాటికి అందులో ఉన్నవాళ్లు ప్రధానంగా కుమావూనీలు, జాట్లు, అహీర్లు. 1945లో దాని పేరు కుమావూన్ రెజిమెంట్‌గా మారింది. నిజాం సొంత సైన్యంలోని ఒకటో హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ వేరు. 1941 డిసెంబరులో మలయాలోని కోట బారూ విమానాశ్రయం దగ్గర కాపలా ఉన్నది ఆ దళమే. బ్రిటిష్ వైమానిక దళంలో 152వ స్క్వాడ్రన్‌కూ హైదరాబాద్ పేరు ఉండేది, దాని చిహ్నం నిజాం తలపాగా. ఆ పేరు చూసి దాని పైలట్లు హైదరాబాదీలనుకుంటే పొరపాటే.

తలపాగా అంటే గుర్తొచ్చింది. ఇనుప టోపీ లేదు కాబట్టి యుద్ధానికి వెళ్లలేదన్న వాదన కూడా నిలవదు. మొదటి ప్రపంచయుద్ధంలో పాలస్తీనాలో పోరాడిన మన అశ్వికులు తలపాగాలతోనే ఉన్నారు. ఢిల్లీ తీన్ మూర్తి దగ్గరి మూడు విగ్రహాలు వాళ్లలోని హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లవే. సిక్కు సైనికులు రెండో యుద్ధంలోనూ ఇనుప టోపీ పెట్టుకోలేదు.

అపోహ: సోలా టోపీ, ఖాకీ నిక్కరు వేసుకున్నాయన మిలిటరీ ఆఫీసరు.

వాస్తవం: చెరకు ప్రాంతంలో ఈ అపోహ మరీ ఎక్కువ. బెండుతో చేసిన ఆ తేలికపాటి టోపీ ఎండ కోసం. ఇంజినీర్లు, రైల్వేవాళ్లు, సర్వేవాళ్లు, ఫ్యాక్టరీ ఆఫీసర్లు అందరూ పెట్టుకునేవారు. బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఉన్న శక్కర్‌నగర్‌లో తీయించుకున్న ఫొటోలో తాతగారు ఆ టోపీతో ఉంటే ముందు ఫ్యాక్టరీ ఉద్యోగం గురించి అడగండి, యుద్ధం గురించి తర్వాత. ఇనుప టోపీలున్నవాళ్లు కూడా అందరూ సైనికులు కారు. వైమానిక దాడుల రక్షణ వార్డెన్లూ వాటిని పెట్టుకునేవారు.

ఇంకొకటి చూసుకోవాలి. ఫొటో తిరగబడి ప్రింటయిందేమో! త్రీ నాట్ త్రీ బోల్టు పిడి కుడిపక్కన ఉండాలి, మెడల్ రిబ్బన్లు ఎడమ ఛాతీ మీద ఉండాలి. రెండూ తారుమారైతే నెగటివ్‌ను తిప్పి వేశారన్నమాట. అలాంటి ఫొటోలో అక్షరాలు, బ్యాడ్జీలు అద్దంలో పెట్టి చూస్తేగాని తేలవు.

ఇంట్లో ఇలాంటి ఫొటో ఉంటే ముందు వెనకవైపు చూడండి. స్టూడియో ముద్ర, ఊరు, తేదీ ఉంటే టోపీ కంటే అవే గట్టి సాక్ష్యం. భుజం మీది అక్షరాలు, టోపీ బ్యాడ్జీ పెద్దవి చేసి స్కాన్ తీయండి. పెద్దవాళ్లు చెప్పిన పేరును, చెప్పిందెవరో కూడా, మెత్తటి పెన్సిల్‌తో వెనకాల రాయండి. బాల్‌పెన్ వాడొద్దు, ఒత్తిడికి ముందువైపు గీత పడుతుంది.