మూడు చక్రాల సైకిలును చూడాల్సిన కన్ను

కలంకారీ అద్దకాలకు పేరున్న పెడన మీదుగా 216వ నంబరు జాతీయ రహదారి మచిలీపట్నం వైపు సాగుతుంది. కోతలైతే డెల్టాలో రోడ్ల అంచులే కళ్లాలు. ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. నడిచేవాళ్లు రోడ్డు మధ్యకు జరగక తప్పదు. కాళ్లు పనిచేయనివారి మూడు చక్రాల సైకిలూ అంతే. చేత్తో తిప్పే పెడళ్లు ఛాతీకి ఎదురుగా ఉంటాయి, సీటు కిందికి ఉంటుంది. వెనక వచ్చే డ్రైవరుకు కనిపించేది సీటు వీపూ రెండు చక్రాలూ. చీకటి పడ్డాక అవీ ఆనవు.

ఆ బండిని దూరం నుంచే పసిగట్టి డ్రైవరును హెచ్చరించే కెమెరా సాధ్యమే. అయితే కెమెరా దానంతటది దేన్నీ గుర్తుపట్టదు. వేల ఫొటోల్లో ఒక్కో వస్తువు చుట్టూ గీత గీసి, ఇది మనిషి, ఇది బస్సు అని ఎవరో ఓపిగ్గా పేరు పెడితేనే నేర్చుకుంటుంది. ఇలా పేర్లు పెట్టి 2016లో విడుదల చేసిన ‘సిటీస్కేప్స్’ ఫొటోలు చాలావరకు జర్మనీ నగరాలవి. వాటితో చదువుకున్న యంత్రానికి మన ఆటో ఏమిటో తెలియదు.

ఆ కొరత తీర్చింది హైదరాబాదు ట్రిపుల్ ఐటీ. అక్కడి పరిశోధకులు ఇంటెల్ సంస్థతో కలిసి, హైదరాబాదు, బెంగళూరు రోడ్ల మీద కెమెరా కట్టిన కారులో తిరిగారు. పదివేల పైచిలుకు ఫొటోల్లోని వస్తువులకు 34 రకాల పేర్లు పెట్టి 2018లో అందరికీ ఇచ్చారు. ఆటోకు ప్రత్యేకంగా ఒక పేరు. తారు దిగాక, అవసరమైతే బండి పోగలిగే మట్టి అంచుకు మరో పేరు. నాకు బాగా నచ్చింది ఈ రెండోదే. మన రోడ్ల మీద తిరిగినవాళ్లకే అది తడుతుంది. తర్వాత రోడ్డు భద్రత కోసం పెట్టిన ఐరాస్తే ప్రాజెక్టు కింద నాగపూర్‌లోనూ తెలంగాణ ఆర్టీసీలోనూ బస్సులకు హెచ్చరించే కెమెరాలు అమర్చారు.

కానీ ఆ 34లో మూడు చక్రాల సైకిలుకంటూ పేరు లేదు.

ఏ పేరు పెట్టాలో యంత్రం తేల్చుకోలేకపోతే ఏమవుతుందో అమెరికాలో కనిపించింది. 2018 మార్చి 18 రాత్రి అరిజోనాలోని టెంపీలో ఒక మహిళ సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతోంది. ఊబర్ పరీక్షిస్తున్న, తనంతట తానే నడిచే కారు రాడార్ ఆమెను 5.6 సెకన్ల ముందే పట్టుకుంది. కానీ సాఫ్ట్‌వేర్ వాహనమని ఒకసారి, ఏదో వస్తువని ఒకసారి, సైకిలని ఇంకోసారి అనుకుంది. అనుకున్నది మారినప్పుడల్లా ఆమె ఎటు పోతోందన్న లెక్క మళ్లీ మొదలైంది. ఆమె చనిపోయింది. కెనడా ప్రొఫెసర్ జుటా ట్రెవిరానస్ ఇలాంటి కార్లను కంప్యూటర్‌లో పరీక్షించారు. కాళ్లతో నెట్టుకుంటూ వెనక్కి కదిలే తన స్నేహితురాలి వీల్‌చైర్‌ను అవి గుద్దేశాయి. వీల్‌చైర్ల ఉదాహరణలు మరిన్ని చూపించాక, ఇంకా ధీమాగా గుద్దాయి. ఆ ఉదాహరణల్లోని వీల్‌చైర్లు చాలావరకు ముందుకు పోయేవే కాబోలు.

అందుకే ఫొటోలు పెంచితే చాలదు, ఏ ఫొటోలన్నది ముఖ్యం. ధాన్యం పట్టాలను తప్పించుకుంటూ మలుపు తిరిగే మూడు చక్రాల సైకిలు కావాలి. తెల్లకర్ర తట్టుకుంటూ వచ్చి సగం దారిలో ఆగిపోయే మనిషి కావాలి. హారన్ మోగినా తిరిగి చూడని చెవిటి మనిషి కావాలి. ఆ ఫొటోలు తీయడానికి ఆ బండి నడిపేవాళ్లనే పిలవాలి, ఆ పనికి కూలి ఇవ్వాలి. మన డెల్టా బస్సులకు ఈ కెమెరాలు కొనే రోజున, కంపెనీ చూపించే మొత్తం సగటుతో సరిపెట్టుకోకూడదు. మూడు చక్రాల సైకిళ్లను కెమెరా ఎన్నిసార్లు పట్టుకుంది, ఎన్నిసార్లు వదిలేసింది, పగలెంత, రాత్రెంత అన్న లెక్క విడిగా రాసిస్తేనే సంతకం పెట్టాలి.