విద్యుత్ గిటారు పికప్పులు – వాటి నాదభేదాలు

యూనియన్ నిధితో వాద్యబృందానికి ఒక విద్యుత్ గిటారు కొనాలన్న మాట వచ్చింది. ఏది కొనాలన్న వాదన మాత్రం తెగలేదు. అందుకని నాకు తెలిసినంత రాస్తున్నాను.

పికప్పు అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకకంటె సన్నని రాగితీగ వేల చుట్లు, అంతే. పైనున్న ఉక్కుతీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం కదిలి, చుట్టలో కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే, మనమంతా ఇంటర్‌లో బట్టీపట్టిందే! నైలాను తీగ వేస్తే ఇది పలకదు. వీణ కుండకు అతికించే కాంటాక్టు మైకు సంగతి వేరు, అది చెక్క కంపనాన్ని వింటుంది.

సింగిల్ కాయిల్ అనే ఒంటిచుట్ట పికప్పు నాదం గలగలమంటుంది, ప్రతి మీటూ విడిగా వినిపిస్తుంది. కాని దానికొక జబ్బుంది. మా గుమ్మఘట్ట వైపు వానలు మొహం చాటేస్తే బోరు మోటార్లే దిక్కు. భజన జరిగే చోట పక్కనే మోటారు నడుస్తుంటే ఈ గిటారు వాయించకముందే 'గుయ్' మంటుంది. కరెంటు 50 హెర్ట్జులది గదా, ఆ 50, దానిమీద 100 కలిసి తానే తంబూరా వేస్తుంది. మన శ్రుతితో దానికేం పని?

దీనికి విరుగుడు 1955లో గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సేత్ లవర్ కనిపెట్టిన హంబకర్. రెండు చుట్టలు, అయస్కాంత ధ్రువాలూ ఎదురు, చుట్టిన దిక్కూ ఎదురు. బయటి రొద రెండింటిలో ఎదురెదురుగా పుట్టి చెల్లిపోతుంది. తీగనాదం మాత్రం కూడుతుంది. ఊరికే కాదు లెండి. రెండు చుట్టలు వరుసగా కలిస్తే ఇండక్టెన్సు పెరిగి పైస్థాయి మెరుపు తగ్గుతుంది. అందుకే నాదం నిండుగా, కొంచెం మందంగా ఉంటుంది.

కర్ణాటక సంగీతానికి కరెంటు వాద్యమేమిటని పెదవి విరిచినవాళ్లున్నారు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ జంట తీగల మాండలిన్ విడిచి, అయిదు ఒంటితీగల విద్యుత్ మాండలిన్ మీద గమకాలు పలికించి వాళ్ల నోరు మూయించారు. మీటు వెంటనే చచ్చిపోని నాదముంటేనే గమకం సాగుతుంది. అయస్కాంతం మరీ దగ్గరగా ఉంటే తీగను లాగి ఆ సాగుదలను తినేస్తుంది. మరలు తిప్పి పికప్పును కాస్త కిందికి దించుకోవాలి.

నా ఓటు హంబకర్‌కే, మన ఊళ్ల కరెంటు అలాంటిది మరి. అంగట్లో అడిగితే అన్నీ ఒకటేనంటారు. ట్యూబులైటు వేయించి, గిటారు పట్టుకొని అటూ ఇటూ తిరగండి. తిరిగినప్పుడల్లా రొద పెరిగి తగ్గుతుంటే అది ఒంటిచుట్టే.