‘బాగుంది’ అంటే ఫొటో బాగుపడదు
సద్విమర్శ కోసం ఎదురుచూస్తున్న పల్లెటూరి ఫొటోగ్రాఫర్లు

పెద్దగట్టు జాతరలో గంపలెత్తుకొని గుట్ట ఎక్కే ఆడవాళ్లు, కురుమూర్తి ఉద్దాల ఊరేగింపు, పానగల్లు గుడిలోని నీడ, నల్లమలలో సలేశ్వరం దారి. పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఫొటోకు పనికివచ్చే దృశ్యాలకు కొదవలేదు. తీసేవాళ్లకు అసలే కొదవలేదు. ఒకప్పుడు ఊరికొక కెమెరా ఉంటే గొప్ప. ఇప్పుడు గొర్రెలు కాసే పిల్లవాడి జేబులో కూడా కెమెరా ఉన్న ఫోను ఉంది. కరువైనదల్లా, తీసిన ఫొటోను నిదానంగా చూసి అందులో ఏది కుదిరింది, ఏది కుదరలేదు, మరోసారి ఎలా తీయాలి అని చెప్పే మనిషి.

ఇప్పుడు ఫొటో చూసినవాళ్ల నోట వచ్చేవి రెండే మాటలు. ఒకటి, “సూపరున్నది”. రెండోది, “ఏం తీసినవ్‌రా, ఇది ఫొటోనా?” మొదటి మాటకు పిల్లవాడు పొంగిపోతాడు గాని ఒక్క మెట్టు పైకి ఎక్కడు. రెండో మాటకు కెమెరానే మూలకు పెడతాడు. మెప్పు ఒక్కటే నేర్పదు, ఎత్తిపొడుపు అసలే నేర్పదు. ఈ రెంటికీ నడుమ ఉన్నదే సద్విమర్శ. అది చెప్పడానికి ఒక పద్ధతి ఉంది, వినడానికీ ఒక పద్ధతి ఉంది.

రీలు కడిగినాయనే గురువు

ఫిల్ము రోజులలో ఈ లోటు ఇంతగా తెలిసేది కాదు. మన దేశంలో తయారై ఎందరి చేతికో మొదటి కెమెరా అయిన ఆగ్ఫా క్లిక్ త్రీలో 120 రీలు వేస్తే 12 ఫొటోలే వచ్చేవి. చిన్న రీలు కెమెరాలోనైతే 36. ఒక్కో ఫొటోకు ఖర్చు లెక్కపెట్టుకోవలసిందే. రీలు పూర్తయ్యాక పట్నంలోని స్టూడియోకు పోవాలి. చీకటి గదిలో దానిని కడిగిన స్టూడియో ఆయన నెగెటివును వెలుతురుకు పట్టి చూస్తూనే, “ఇక్కడ చెయ్యి కదిలింది తమ్మీ”, “ఎండకు ఎదురుగ నిలబెట్టినవ్, మొకం నల్లగైంది” అని చెప్పేవాడు. అది పైసా ఖర్చులేని పాఠం. తీసిన వెంటనే ఫొటో కనిపించేది కాదు గనుక, ఆ మాట మరుసటి రీలు దాకా మనసులో నిలిచేది.

ఫోను వచ్చాక ఖర్చు తగ్గింది. ఒక్క జాతరలోనే వందల ఫొటోలు తీయవచ్చు. దానితోపాటు స్టూడియో ఆయన మాట కూడా పోయింది. చూసినవాళ్లు తెరమీద బొటనవేలి గుర్తు ఒకటి నొక్కి ముందుకు జరిగిపోతారు. నూరు బొటనవేళ్లు కలిసినా “చెయ్యి కదిలింది తమ్మీ” అన్న ఒక్క మాటకు సరిరావు.

సరదాగా మొదలై రాజా అయినవాడు

ఫొటోగ్రఫీలో పేరు మోసినవాళ్లలో చాలామంది సరదాగా మొదలుపెట్టినవారే. ఇందుకు హైదరాబాదు రాజ్యంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టిన లాలా దీన్‌దయాళ్ ఇంజనీరింగ్ చదివి ఇండోర్ సంస్థానంలో మరామత్తు శాఖ ఉద్యోగి అయ్యాడు. 1874 ప్రాంతంలో ఉద్యోగం చేస్తూనే కెమెరా పట్టాడు. అక్కడి ఆంగ్లేయ అధికారి సర్ హెన్రీ డేలీ ఆయన పని చూసి ప్రోత్సహించాడు. చివరకు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరై, రాజా బిరుదు పొందాడు. మహబూబ్‌నగర్‌కు ఆ పేరు వచ్చింది ఆ నిజాం పేరు మీదనే. సరైన వేళ పని తెలిసిన మనిషి కన్ను పడడం ఒక ఉద్యోగి సరదాను ఎంత దూరం తీసుకుపోగలదో ఇది చెబుతుంది.

ఔత్సాహికులు ఒకచోట చేరి ఫొటోలు చూసుకోవడం కూడా కొత్త సంగతి కాదు. బొంబాయిలో 1854లోనే ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడింది. కలకత్తా, మద్రాసులలో 1856లో ఏర్పడ్డాయి. దేశంలోని క్లబ్బులను కలిపే భారత ఫొటోగ్రఫీ సమాఖ్య 1953లో పుట్టింది. ఇటువంటి క్లబ్బులలో తీసుకువచ్చిన ఫొటోను అందరికీ కనబడేలా నిలబెట్టి ఒక్కొక్కరుగా మాట్లాడడం వాడుక. కలుసుకోలేనంత దూరాన ఉన్నవాళ్లకోసం బ్రిటనులో మరో ఉపాయం సాగింది. ఫొటోల కట్ట ఒకటి టపాలో ఇంటింటికీ తిరిగేది. కట్ట అందుకున్నవాడు ఇతరుల ఫొటోలు చూసి కాగితం మీద తన అభిప్రాయం రాసి, తన పాత ఫొటో తీసుకొని కొత్తది పెట్టి, తర్వాతివాడికి పంపేవాడు. కట్ట తిరిగి వచ్చేసరికి ఒక ఫొటో మీద పదిమంది రాత ఉండేది.

పోటీలకు పంపితే ఈ మేలు అంతగా దక్కదు. పోటీలో న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తారు. ఫొటో తీసుకున్నారో లేదో తెలుస్తుంది. ఎందుకు తీసుకోలేదో సాధారణంగా తెలియదు. అందుకే బహుమతి వచ్చినా రాకున్నా, ఫొటో ముందు కూర్చొని మాట్లాడుకొనేవాళ్లు ఊళ్లోనే నలుగురు ఉండడం అవసరం.

చెప్పే తీరు

సద్విమర్శలో మూడు సంగతులు ఉండాలి. ఫొటోలో కన్ను మొదట ఎక్కడ పడింది? ఎక్కడ ఆగిపోయింది? మరోసారి ఏం చేస్తే బాగుంటుంది? ఈ మూడూ ఫొటో గురించిన మాటలు, తీసిన మనిషి గురించిన మాటలు కావు.

సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి జరిగే లింగమంతులస్వామి జాతరనే తీసుకుందాం. గంప తలపై పెట్టుకొని “ఓ లింగా” అంటూ నడుస్తున్న ఒక తల్లిని ఒక యువకుడు ఫొటో తీశాడనుకుందాం. వెనుక కరెంటు స్తంభం ఉంది. ఫొటోలో అది గంపలోంచి మొలిచినట్టు పడింది. “నీకు చూపు లేదా?” అంటే అతడు నేర్చుకునేది ఏమీ లేదు. అదే మాటను, “తమ్మీ, అమ్మ మొకంల భక్తి మంచిగొచ్చింది. కాని నా కన్ను ఆమె మీదికెల్లి స్తంభం మీదికి ఉరికింది. నువ్వు రెండడుగులు ఎడమకు జరిగితే స్తంభం పక్కకు పోవు” అని చెబితే పని అవుతుంది. మంచిని ముందు చెప్పడం ముఖస్తుతి కోసం కాదు. ఏది నిలుపుకోవాలో కూడా తీసినవాడికి తెలియాలి కదా.

పానగల్లు ఛాయాసోమేశ్వరాలయం మరో పరీక్ష. నల్లగొండ పక్కనే కందూరు చోడుల కాలంలో కట్టిన ఈ గుడిలో శివలింగం వెనుక గోడమీద పగలంతా ఒక స్తంభం నీడ కనిపిస్తుంది. స్తంభాల నడుమ నుంచి పలు దారుల్లో లోపలికి వచ్చే వెలుతురు అమరిక వల్ల ఇది సాధ్యమైంది. ఆ నీడను ఫొటోలో పట్టడం మాత్రం కష్టం. బయట మండే ఎండ, లోపల మసక. చాలా ఫొటోలలో గుమ్మం తెల్లగా మాడిపోయి నీడ కనిపించదు. ఇక్కడ “క్లియర్‌గా లేదు” అన్న విమర్శ చాలదు. “గుమ్మం ఫొటోలోకి రాకుండ లోపలి గోడనే తియ్యి. తెరమీద నీడ ఉన్నచోట వేలుపెట్టి వెలుతురు సరిచెయ్యి. చెయ్యి కదలకుండ ఫోనును రాతికి ఆనించు” అంటే వచ్చే ఆదివారం పూజారి అనుమతి అడిగి మళ్లీ ప్రయత్నించవచ్చు.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రిది వేరే చిక్కు. సుమారు 700 ఏళ్లదని చెప్పుకునే ఆ మర్రి మూడు ఎకరాలకు పైగా పరుచుకున్నది. చెట్టంతా పట్టాలని దూరం జరిగితే మామూలు తోపులా కనిపిస్తుంది. “చెట్టు పెద్దదని తెలుస్తలేదన్నా. ఒక ఊడ పక్కన, దారిమీద మనిషి నడిచేటప్పుడు తియ్యరాదే” అన్న చిన్న సలహా ఆ లోటు తీరుస్తుంది. 2018లో ఈ చెట్టుకు చెదలు పట్టినప్పుడు మనుషులకు సెలైన్ ఎక్కించినట్టు మందు సీసాలు కట్టి బతికించారు. అటువంటి చెట్టును ఏటా ఒకేచోట నిలబడి తీసిన ఫొటోలు ఉంటే, అది కోలుకున్న తీరు ఊరందరికీ తెలుస్తుంది.

వినడమూ విద్యే

చెప్పడం ఎంత కష్టమో వినడం అంతకంటె కష్టం. తప్పు చూపగానే తీసినవాడు, “ఆనాడు ఎండ ఎక్కువుండె”, “జనం నూకిన్రు” అంటూ మొదలుపెడతాడు. అవి నిజమే కావచ్చు. కాని ఫొటో ఎక్కడికి పోయినా ఆ సంజాయిషీ దాని వెంట పోదు. కనుక మొదట నోరు మెదపకుండా వినాలి. “ఇందులో మీకేం కనిపిస్తున్నది?” అన్న ఒక్క ప్రశ్న చాలు. తాను చెప్పదలచుకున్నదే ఎదుటివాడికి కనిపిస్తే ఫొటో నెగ్గినట్టు. లేకుంటే ఎక్కడ తప్పిందో వెదకాలి.

అందరి మాటా చేయాలని లేదు. ఒక్కరు అంటే విని ఊరుకోవచ్చు. ముగ్గురూ విడివిడిగా అదే అంటే దిద్దుకోవలసిందే. ఒకరు దగ్గరగా తీయమని, మరొకరు దూరం నుంచి తీయమని అంటే, తాను ఎందుకోసం ఆ ఫొటో తీశాడో దానిని బట్టి తేల్చుకోవాలి. చూపించేటప్పుడే “వెలుతురు సంగతి చెప్పండి” అని అడిగితే వచ్చే జవాబూ సూటిగా ఉంటుంది. విన్న మాటను మళ్లీ తీసి చూసుకుంటేనే ఫలం. లేకుంటే అది గాలిమాటే.

ఫొటోలో ఉన్నవాళ్ల మాట

నలుగురు ఫొటోగ్రాఫర్ల కంటె ముందు వినవలసిన విమర్శకులు మరికొందరు ఉన్నారు. వారు ఫొటోలో ఉన్నవాళ్లే. బతుకమ్మ ఫొటో చూసి ఒక ముసలమ్మ, “పూలు మంచిగున్నయి బిడ్డా, మీద గౌరమ్మ ఏది?” అని అడిగితే, శిఖరం దగ్గర ఫొటో కత్తిరించిన పొరపాటు ఒక్క మాటతో తెలిసిపోతుంది. ఏ పుస్తకమూ ఆ మాట చెప్పదు.

ఫ్లోరైడ్ నీళ్లతో ఒళ్లు వంగిపోయినవాళ్ల ఫొటోలు మునుగోడు, మర్రిగూడ ప్రాంతాల నుంచి దేశమంతా తిరిగాయి. ఆ బాధ లోకానికి తెలిసింది ఎక్కువగా ఫొటోల వల్లనే. అయితే ఇటువంటి ఫొటో ముందు వెలుతురు, నీడల కంటె ముందు అడగవలసినది ఒకటుంది. ఆ మనిషిని అడిగే తీశారా? ఈ ఫొటోను అతడు తన ఇంటి గోడకు తగిలించుకుంటాడా? వంకర కాలు మాత్రమే కనిపించి మనిషి కనిపించకపోతే, ఎంత బాగా వచ్చినా అది లోపమే. ఆ మాట అనడానికి తోటి ఫొటోగ్రాఫర్లు మొహమాటపడరాదు.

పేరు, ఊరు, తేదీ రాయకపోవడం మరో పెద్ద లోపం. 1940లో ఆస్ట్రియా దేశపు పరిశోధకుడు హైమెండార్ఫ్ అమ్రాబాద్ గుట్టల్లో చెంచుల నడుమ ఉండి ఫొటోలు తీశాడు. 1943లో వాళ్లమీద పుస్తకం వెలువరించాడు. ఆనాటి ఇళ్లు, విల్లంబులు చూడాలంటే నేడు ఆ ఫొటోలే దిక్కు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్న వివరం ఉన్నందువల్లనే అటువంటి ఫొటోలకు విలువ. అందుకే “బొమ్మ మంచిగుంది, వెనుక పేరు రాయలేదేం?” అన్నది కూడా సద్విమర్శే.

ఊళ్లో మొదలుపెట్టాలంటే

ఇందుకు భవనం, నిధులు అక్కరలేదు. అయిదారుగురు చాలు. నెలకొకసారి గ్రంథాలయంలోనో బడి వరండాలోనో చేరవచ్చు. తలా రెండు ఫొటోలు మాత్రమే తేవాలి. వందలో రెండు ఏరుకోవడమే మొదటి విమర్శ. కుదిరితే కార్డు సైజు కాగితం మీద తీయించి తేవడం మేలు. ఫోను తెర చిన్నదైనందున లోపాలు దాగిపోతాయి. ఒక్కో ఫొటోకు అయిదు నిమిషాలు, తీసినవాడు చివరనే మాట్లాడాలి. ఒక నోటుబుక్కు పెట్టి చెప్పిన మాటలు రాసుకోవాలి. రాలేనివాళ్ల ఇంటికి ఆ పుస్తకాన్ని, ఫొటోలను పంపితే పాతకాలపు టపా కట్ట పద్ధతి మళ్లీ బతుకుతుంది. కొత్తగా వచ్చినవాళ్లకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, మొదటిసారి లోపాలు పదిమందిలో కాక విడిగా చెప్పడం మర్యాద. కెమెరా పట్టనివాళ్లను కూడా ఒకరిద్దరిని పిలవాలి. రైతు చూపులో పొలం వేరుగా ఉంటుంది, నేతగాని చూపులో రంగు వేరుగా ఉంటుంది.

ఇదంతా సరదా పని కదా, ఇంత పట్టింపు దేనికి అనవచ్చు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో కొల్లాపూర్, ఆలంపూర్ వైపు ఊళ్లు మునిగినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపూర్‌లో మళ్లీ కట్టారు. గుడిని అట్లా తరలించగలిగారు గాని, వాకిళ్లను, అరుగులను, చావిడిని తరలించలేకపోయారు. అటువంటివి పిల్లలకు చూపాలంటే ఎవరో ఒకరు సరదాగా తీసిన ఫొటోయే ఆధారం. రిజర్వాయర్లు, రోడ్లు, కొత్త ఇళ్లతో ఊళ్ల రూపు ఇప్పుడూ మారుతున్నది. వాటిని తీస్తున్న పిల్లలు ఊరూరా ఉన్నారు. వాళ్ల ఫొటో చేతికి వచ్చినప్పుడు ఒక్క నిమిషం ఆగి, కనిపించినది కనిపించినట్టు, నొప్పించకుండా చెప్పడం పెద్దలు చేయదగిన సాయం.