బ్రాక్టన్ సైనిక శిబిరము: భూగర్భ సాక్ష్యము

పురావస్తు పరిశోధన యనగానే మనకు శాసనములు, స్తూపములు, శిథిలాలయములు స్ఫురించును. నిన్న మొన్నటి సైనిక శిబిరమునకు త్రవ్వకము లేలయని కొందఱు శంకింపవచ్చును. ఇంగ్లండులోని స్టాఫర్డుషైరు మండలమున బ్రాక్టన్ గ్రామ పరిసరమును పరిశీలించినచో ఆ శంక తీఱును.

ప్రథమ ప్రపంచ సంగ్రామము 1914లో ఆరంభము కాగా, ఆ గ్రామము నానుకొనియున్న కానక్ చేజ్ అను బీడుభూమిలో బ్రాక్టన్, రూజ్‌లీ అను రెండు శిక్షణ శిబిరములు వెలసినవి. ఒకేసారి 40,000 మందికి అచట వసతి కలదు. యుద్ధానంతరము కొయ్యతో కట్టిన వసతిగృహములను విప్పి విక్రయించిరి. వానిలో నొకటి గేటన్ గ్రామమున సభాశాలగా చిరకాలము నిలిచి, తిరిగి స్వస్థానమునకు చేరినది. నేలపై మిగిలినవి పునాదులు, రైలుకట్టలు, శిక్షణకై త్రవ్విన కందకముల గుంతలు మాత్రమే.

మేము ముఖ్యముగ పేర్కొనదలచినది 2013లో స్టాఫర్డుషైరు కౌంటీ కౌన్సిలు ఆధ్వర్యమున పరిశోధకులు త్రవ్వి తీసిన మెసీన్ నమూనా. బెల్జియములోని ఆ గ్రామమును 1917 జూన్ 7న న్యూజీలాండు సేనలు జయించినవి. ఆ పిమ్మట బ్రాక్టన్ చేరిన న్యూజీలాండు రైఫిల్ బ్రిగేడు వారు ఆ రణభూమిని ఇండ్లతో, వీథులతో, కందకములతో సహా చిన్న ప్రమాణమున కాంక్రీటుతో నిర్మింపజేసిరి. నిర్మించినవారు జర్మను యుద్ధఖైదీలు! ఇది శిక్షణకా, విజయస్మృతికా యని ప్రశ్నించినచో, రెండింటికి ననియే మా యభిప్రాయము.

పరిశోధకులు దానిని లేజరు కిరణములతో కొలిచి నమోదు చేసి, వాన మంచులకు చెడిపోవునని మఱల మట్టితో కప్పివేసిరి. నేడు అచటికేగువారికి కనుపించునది బీడు మాత్రమే.